సప్పె అన్న మాట

వెలగపండు కొనేటప్పుడు చేత్తో నొక్కి చూస్తే లాభం లేదు. దాని పెంకు ఎవరి మాటా వినదు. జానెడు ఎత్తు నుంచి నేల మీదికి వదిలి చూడాలి. పచ్చిదైతే ఎగిరి పక్కకు దొర్లుతుంది. మాగిందైతే దబ్బున పడి, పడ్డచోటే ఉంటుంది. ఈ పరీక్ష మా జేజి నేర్పింది. మా వైపు నాన్నమ్మను జేజి అంటాం. మొన్న రంజాన్ పండుగకు ముందురోజు ఆదోనిలో బస్సు దిగి, మార్కెట్ దారిలో తోపుడుబండి దగ్గర నిలబడి ఒక్కో పండూ రోడ్డు మీదికి వదులుతుంటే బండాయన కాసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత, "ఏందక్కా, పండ్లు కొనేకి వచ్చినావా, గోలీలాడేకి వచ్చినావా?" అన్నాడు. మామూలు రోజైతే ఊరుకునేదాన్ని కాదు. ఎమ్మిగనూరు బళ్ళో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పి, ఎంతమంది అల్లరి పిల్లల నోళ్ళో మూయించిన దాన్ని. ఆ రోజు మాత్రం విననట్టే ఇంకో పండు వదిలాను. పండ్లు ఏరుకుంటున్నానే గానీ, వాటితో నూరే ఊరిబిండికి ఉప్పు చూసే మనిషి ఇక లేదన్న సంగతి బస్సెక్కినప్పటి నుంచీ గుండెకు అడ్డం పడి ఉంది.

ఊరిబిండి అంటే రోట్లో నూరిన పచ్చడి. అందులో వెలగపండుది పొయ్యి మొహం చూడని పచ్చడి. వేయించేది లేదు, ఉడికించేది లేదు, తిరగవాత కూడా లేదు. పండు గుజ్జు, పచ్చిమిరపకాయలు, బెల్లం, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు, కల్లుప్పు. నూరిన రోజు తింటే వగరు. ఒక రాత్రి ఊరితేనే బెల్లమూ పులుపూ రాజీకి వస్తాయి. అందుకే పండుగ రోజు పులావులోకీ, మాంసం కూర పక్కనా వడ్డించే ఊరిబిండిని ముందురోజే నూరి, మూత పెట్టి ఉంచేవాళ్ళు. ముందురోజంటే చివరి ఒక్కపొద్దు రోజు. మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో మాటంతా తెలుగే, నమాజు ఒక్కటే అరబ్బీ. రోజాను మేము ఒక్కపొద్దు అనే అంటాం.

మా ఇల్లు ఆదోనిలో పత్తి మిల్లులకు దగ్గర్లో ఉండేది. ముందు గది జేజినాయన, అంటే తాత దుకాణం. ఆయన దూది ఏకే విల్లు పొద్దస్తమానం 'డంయ్ డంయ్' అంటూ ఉండేది. పండుగలు వచ్చాయంటే పాత పరుపులన్నీ విప్పించుకోవడానికి ఊరు ఊరంతా మా గడప ముందే ఉండేది. ఇంట్లో ఎక్కడ చూసినా దూది పింజలు. జేజి కనుబొమల మీద, నీళ్ళ కుండ మూత మీద, ఆరేసిన గుడ్డల మీద అదే. ఆ దూది వాసన మధ్యలోకి వెలగపండు వాసన వచ్చిందంటే నెలవంక దగ్గరికొచ్చిందని నాకు అర్థం. మధ్యాహ్నం నమాజు కాగానే జేజి కొంగు బిగించుకుని పెరట్లో రోలు దగ్గర కూర్చునేది. గడప రాతి మీద పండును ఒక్క దెబ్బ కొట్టి పగలగొట్టేది. ఆ వాసన మంచి వాసన అని కొత్తవాళ్ళెవరూ ఒప్పుకోరు. కొంచెం పులిసిన కల్లు, కొంచెం పాత బెల్లం. నాకు మాత్రం ఈనాటికీ అత్తరు కన్నా అదే పండుగ వాసన.

రంజాన్ ఒక్కచోట నిలిచే పండుగ కాదు. ఏడాదికేడాది కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ వానాకాలం, ఎండాకాలం అన్నీ తిరిగి వస్తుంది. వెలగపండు దొరకని ఏళ్ళలో పచ్చి మామిడికాయ నూరేవాళ్ళు. అదీ లేకపోతే దోరజామ. పండు ఏదైనా చిక్కు ఒక్కటే. ఒక్కపొద్దున్న మనిషి రుచి చూడకూడదు. నాలుక కొసతో చూసి ఉమ్మేస్తే ఒక్కపొద్దు పోదని మసీదు హజరత్ చెప్పినా జేజి వినేది కాదు. "నాలుక్కి తెలిసినంక గొంతు ఊరుకుంటాదా?" అనేది. ఇంట్లో పెద్దలందరూ ఒక్కపొద్దే. మిగిలింది నేను. నాకిస్తే రుచి చూడడం పేరుతో సగం రోలు ఖాళీ చేస్తానని ఆమెకు తెలుసు.

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నాపరాళ్ళు నిలబెట్టిన చిన్న గోడ ఉండేది. ఒకచోట ఒక రాయి ఒరిగిపోయి మనిషి పట్టేంత సందు. పక్కింటాయన జిన్నింగు మిల్లులో హమాలీ. ఆ ఇంటికి కౌతాళం వైపు నుంచి కొత్తగా కోడలొచ్చింది. పేరు ఉరుకుందమ్మ. పుట్టింట్లో కన్నడం ఎక్కువ కావడంతో ఆమె తెలుగు వింటే వీధిలో పిల్లలు నవ్వేవాళ్ళు. దాంతో ఆ పిల్ల నోరు విప్పడమే మానేసింది. నీళ్ళకొచ్చినా తల వంచుకుని వచ్చేది, వంచుకునే పోయేది. ఒక చివరి ఒక్కపొద్దు నాడు జేజి రోటి దగ్గర నుంచే, "ఏమ్మే ఉరుకుందూ, ఇట్ల రా. ఉప్పు సూసిపో" అని పిలిచింది. ఆమె సందులోంచి వచ్చి, గోరంత తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మా ఇంట్లో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"సప్పె."

కన్నడంలో ఉప్పు చాలనిదాన్ని సప్పె అంటారు. మన చప్పనకు చుట్టమే. నేను కిసుక్కున నవ్వితే జేజి నా నెత్తిన ఒకటి మొట్టింది. ఉప్పు చట్టిని ఆమె ముందుకు తోసి, "సప్పె అయితే నువ్వే ఏయి. నాకేం తెలుస్తాది, నోరు కట్టుకున్నదాన్ని" అంది. ఉరుకుందమ్మ మూడు వేళ్ళతో చిటికెడు కల్లుప్పు తీసి రోట్లో వేసింది. జేజి బండతో రెండు తిప్పులు తిప్పింది. మళ్ళీ చూసి ఈసారి తలూపింది. ఆ రోజు నుంచి నాకు ఆమె ఉరుకుందు చిన్నమ్మ అయింది. ఏటా అదే పిలుపు, అదే రాక, అదే మాట, అదే చిటికెడు. "మా ఇంటి నాలుక పక్కింట్లో ఉండాది" అని జేజి అందరితో చెప్పుకునేది.

చిన్నమ్మ శ్రావణ సోమవారాలు ఒక్కపొద్దు ఉండేది. ఆమెకు పేరిచ్చిన ఉరుకుంద ఈరన్న సామికి మొక్కు. అప్పుడు జేజి వంతు. దేవుడికి పెట్టేది ఎంగిలి కాకూడదు గానీ, పిల్లలకు చేసే పప్పుకు ఉప్పు చూడడానికి జేజి సందులోంచి అటు పోయేది. ఆమెదీ ఒక్కపొద్దే, జేజిదీ ఒక్కపొద్దే. ఈ సంగతి ఎక్కడైనా చెబితే మతసామరస్యం అంటూ చప్పట్లు కొడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళిద్దరికీ ఆ మాటే తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా పచ్చడికి ఉప్పు సరిపోవాలని.

ఒక ఏడు మాత్రం చివరి ఒక్కపొద్దూ శ్రావణ సోమవారమూ ఒకటే రోజు పడ్డాయి. జేజి అలవాటు కొద్దీ పిలిచింది, చిన్నమ్మ అలవాటు కొద్దీ వచ్చింది. వేలు నోటి దాకా పోయి ఆగింది. "అత్తా, ఈపొద్దు సోమారం" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మొదలైన నవ్వు జేజి కళ్ళ నీళ్ళు తుడుచుకునే దాకా ఆగలేదు. గతిలేక ఆ పదవి నాకిచ్చారు. నేను మూడుసార్లు వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, అచ్చం చిన్నమ్మలాగా "సప్పె" అని, పిడికెడు ఉప్పు వేశాను. మర్నాడు పండుగకొచ్చిన చుట్టాలంతా కుండల కొద్దీ నీళ్ళు తాగారు. "పండగ పూట బావి తోడించినావు గదమ్మా మాబున్నీ" అన్నాడు జేజినాయన. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా నన్నెవరూ ఉప్పు చూడమనలేదు.

నేను పెద్దదాన్నై రోటి దగ్గర కూర్చునే వయసొచ్చాక జేజి నాకొక సంగతి చెప్పింది. ఉప్పు ఎంత పడాలో ఆమెకు బాగా తెలుసు. కళ్ళు మూసుకుని వేసినా తప్పదు. కావాలనే ఒక చిటికెడు తక్కువ వేసేది. ఎందుకని అడిగాను. "పిలిపిచ్చి, బాగుండాదిలే పో అని పంపిస్తే ఏం మర్యాద? వచ్చిన మనిషికి రవ్వంత పని ఉండాల. ఆ చిటికెడు ఆమెది" అంది. బళ్ళో పిల్లలకు మర్యాద గురించి ఎన్నో పాఠాలు చెప్పాను. ఇంతకన్నా మంచి పాఠం నాకు ఏ వాచకంలోనూ కనబడలేదు.

జేజి పోయింది. జేజి తర్వాత అమ్మ నూరింది. అమ్మ తర్వాత నేను. ఉద్యోగం, కాపురం ఎమ్మిగనూరులోనే అయినా చివరి ఒక్కపొద్దు నాటికి ఆదోనిలో తమ్ముడింటికి వచ్చేసేదాన్ని. విల్లు ఎప్పుడో అటకెక్కింది. దుకాణంలో ఇప్పుడు తమ్ముడు ఫోము పరుపులు అమ్ముతాడు. ఇంటి మీద మిద్దె లేచింది. కోతుల బాధ పడలేక నాపరాళ్ళు తీసేసి సిమెంటు గోడ కట్టాడు. తప్పు పట్టలేను, ఆ కోతుల సంగతి చూసినవాళ్ళకే తెలుసు. కాకపోతే గోడ కట్టినప్పటి నుంచి చిన్నమ్మ ఉప్పు చూడాలంటే వీధి చుట్టి వచ్చి గంట కొట్టాల్సి వచ్చేది. నేను ఫోను చేస్తే వచ్చేది. మోకాళ్ళు పట్టుకుని, "మీ జేజి ఉంటే ఈ గోడ కట్టనిచ్చునా" అని సణుగుతూ వచ్చేది. వచ్చి, "సప్పె" అనేది.

కిందటేడు రంజాన్‌కు ముందు ఆమెకు నోట్లో పుండు లేచింది. ఆకువక్క, పొగాకు ఆమెకు కాపురానికొచ్చిన నాటి అలవాటు. కర్నూలులో కరెంటు పెట్టించారు. క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్‌ను మా వైపు అట్లాగే అంటారు. ఇంటికొచ్చాక తిరుగుతోంది, బాగానే ఉందని మా మరదలు షరీఫా చెప్పింది. నేను మామూలుగా నూరి, మామూలుగా చిటికెడు తక్కువ వేసి, మామూలుగా ఫోను చేశాను. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. సగానికి సగమైపోయింది మనిషి. గోరంత తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు కారాయి.

"సరిపోయింది పాపా," అంది. "అచ్చం మీ జేజి చెయ్యే."

ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. జేజి గుర్తొచ్చి ఏడుస్తోందనుకున్నాను. ఉప్పు ఈసారి నా చేతికి తెలియకుండానే కుదిరిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే పొంగిపోయాను. ఆ రాత్రి షరీఫాకు రెండుసార్లు చెప్పాను.

పండుగ రోజు ఎప్పటిలాగే చిన్నమ్మ మాతో కలిసి తినడానికి కూర్చుంది. తమ్ముడు ఊరిబిండి కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, విస్తళ్ళ మధ్య ఉన్న ఉప్పు గిన్నె వైపు చెయ్యి చాపాడు. నేను అప్పుడే నా ముద్ద మింగాను. ఉప్పు చాలలేదు. రుచి తెలిసిన నాలుక ఏదీ దాన్ని సరిపోయింది అనదు. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. వాడి మోకాలు నొక్కాను. వాడు నా మొహం చూసి, చాపిన చేతిని అట్లాగే పక్కకు తిప్పి నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. షరీఫా తల దించుకుని తింది. చిన్నమ్మ కూడా తింది, మెల్లగా, ముద్దముద్దకూ కళ్ళు తుడుచుకుంటూ. పైకి నిండుగా కనబడుతూ లోపల ఏమీ మిగలని దాన్ని ఏనుగు మింగిన వెలగపండు అంటారు. ఆ మాట బళ్ళో ఎన్నిసార్లు వివరించానో. అది ఎదురుగా కూర్చుని అన్నం తినడం అప్పుడే చూశాను.

తిన్నాక పెరట్లో ఆమె చేతుల మీద నేనే నీళ్ళు పోశాను. "తమ్ముడు ఉప్పు కోసరం చెయ్యి సాపినాడు గదా," అంది. "సూసినాలే."

నేను ఇంకొంచెం నీళ్ళు పోశాను.

"కరెంటు పెట్టినప్పుడు పోయింది పాపా. తీపి లేదు, పులుపు లేదు, ఉప్పు లేదు. అన్నం తింటే మన్ను తిన్నట్లే. కారం ఒక్కటి మాత్రం తెలుస్తాది, నిప్పు పెట్టినట్ల."

అంటే ఆ కన్నీళ్ళు పచ్చిమిరపకాయలవి. పుండ్లు పడిన నోట్లో ఆమె నా కోసం నిప్పు పెట్టుకుంది. "నిన్ననే చెప్పొచ్చు కదా చిన్నమ్మా," అన్నాను.

"సెప్తే పిలుస్తావా?" అంది. కోపంగా కాదు. తెలుసుకుందామనే అడిగింది. "ఈ ముసలిదానికి ఇంగ ఏం పని సెప్పు? ఇంట్లో అన్నీ కోడలే సూసుకుంటాది. నన్ను పనుండాది రమ్మని పిలిసేది మీ ఇల్లు ఒక్కటే. అది గూడా పోతే యాడికి పోవాల?"

"పిలుస్తాను," అన్నాను. "నువ్వు ఎప్పటి మాదిరి సప్పె అనుంటే సరిపోయేది."

"అందామనే అనుకున్యా. నిజంగా ఉప్పు ఎక్కువై ఉంటే? ఇంకా ఏసి పండగ పూట మీ నోరు సెడగొట్టేకి మనసొప్పలేదు."

అప్పుడు జేజి రహస్యం ఆమెకు చెప్పాను. మా ఊరిబిండి ఎప్పుడూ సప్పెగానే ఉంటుందని, ఆమె చిటికెడు కోసం ఆగుతుందని. చిన్నమ్మ నా వైపు జాలిగా చూసింది. "మీ జేజికి ఉప్పు తెలీదంటే నేను నమ్మినాననుకున్నావా? ఆమె సంగతి నాకు మొదటి ఏడే తెలుసు. నీ సంగతే తెలీలేదు. సదువుకున్నదానివి, కొలిసి ఏస్తావేమో అనుకున్యా."

ఇద్దరం నవ్వాం. ఆమెకు నవ్వితే నొప్పి. దవడ పట్టుకుని నవ్వింది. పోయేటప్పుడు గడప దగ్గర ఆగి, "అయితే వచ్చే ఏడు సప్పె అనే అంటా," అంది. "అను," అన్నాను. నాలుక లేకపోయినా నడిచిపోయే ఏర్పాటు జేజి ఎప్పుడో చేసిపెట్టి పోయింది. దానికి కావలసిందల్లా ఆ మనిషి రావడం. అంతే.

వానలు పడే నాటికి పుండు గొంతులోకి దిగింది. కబురు తెలిసి నేను ఆదోనికి వచ్చేసరికి మాట పోయింది. మంచం పక్కన కూర్చుంటే నా వైపు చూసి, దుప్పటి మీదున్న చెయ్యి కొంచెం ఎత్తి, మూడు వేళ్ళు దగ్గరికి చేర్చి చూపించింది. కోడలు ఏదో కావాలని అడుగుతోందనుకుని నీళ్ళ గ్లాసు తెచ్చింది. "కాదమ్మా," అన్నాను. ఆ వారంలోనే చిన్నమ్మ పోయింది.

ఈ ఏడు చివరి ఒక్కపొద్దు నాడు మిక్సీలో తిప్పేద్దామా వదినా అని షరీఫా అడిగింది. ఒద్దన్నాను. పెరట్లో రోలు కడుక్కుని కూర్చున్నాను. మిరపకాయలు, జీలకర్ర, బెల్లం, గుజ్జు. ఇప్పుడు నా మణికట్టు కూడా నొప్పి పుడుతోంది, బండ సగం తిప్పులోనే ఆగుతోంది. చేతికి అలవాటైన ఉప్పు వేశాను. చిటికెడు తక్కువ. ఆ తర్వాత అట్లాగే కూర్చుండిపోయాను. గోడ అవతల టీవీ మోగుతోంది. ఎవరో పిల్లను పిలుస్తున్నారు. షరీఫా నా భుజం మీద చెయ్యేసి, "ఆమె కోడల్ని పిలుద్దాం వదినా. మంచి మనిషి, వస్తాది," అంది. వస్తుంది, నాకు తెలుసు. పిలవాలి కూడా. ఏదో ఒక ఏడు నేనే గంట కొట్టి పిలుస్తాను. ఈ ఏడు మాత్రం నా వల్ల కాలేదు. ఆ చిటికెడు ఉండాల్సిన చోట ఏమీ లేకుండా ఒక్క పండుగైనా గడవాలని అనిపించింది. మూత పెట్టి లేచాను.

పండుగ రోజు అందరం భోజనాలకు కూర్చున్నాం. కిందటేడు పరీక్షలని హాస్టల్లో ఉండిపోయిన తమ్ముడి కూతురు ఈసారి ఇంట్లో ఉంది. పులావులో ఊరిబిండి కలుపుకుని, ఒక ముద్ద తిని, మొహం చిట్లించింది.

"సప్పగా ఉండాది అత్తా. ఉప్పు ఏసేది మర్చిపోయినావా?"

"మర్చిపోలేదమ్మా," అన్నాను. "వేసే మనిషి రాలేదు."

ఉప్పు గిన్నె తమ్ముడి చేతికి అందేంత దూరంలోనే ఉంది. వాడు దాని వైపు చూడలేదు. ఊరిబిండి గిన్నెను దగ్గరికి లాక్కుని, ఇంకొంచెం వేసుకున్నాడు.